రెండు కొసలూ ఒక్క ఆటోలో

చోడవరం మెయిన్ రోడ్డు మీద హారతి క్లినికల్ లేబ్ ఉంది. అందులో రిపోర్టులు టైపు చేసే వరహాలక్ష్మిగారికి ఊళ్ళో ఎవరి ఒంట్లో చక్కెర ఎంతుందో, ఎవరి కాలేయం ఏమంటోందో, ఎవరింటి కోడలు నెల తప్పిందో అందరికంటే ముందు తెలుస్తుంది. తెలిసింది తెలిసినట్టు కడుపులో పెట్టుకుంటుంది. పెళ్ళి భోజనంలో పక్క విస్తరి మనిషి రెండో జిలేబీ వేయించుకుంటుంటే, ఆ మనిషి షుగరు నిన్న మూడువందల ఎనభై అని తెలిసి కూడా, తన విస్తట్లోకి చూసుకుంటూ పులిహోర తింటుంది. ఆవిడ పడే యాతన పక్క మనిషికి తెలీదు కాబట్టి మూడోది కూడా వేయించుకుంటాడు.

పందొమ్మిదేళ్ళుగా ఇదే ఉద్యోగం. భర్త లక్ష్మీనరసింహంగారు గవర్నమెంటు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆయన దగ్గర కూడా లేబ్ మాట ఎత్తదు. మొదటి ఏడాది ఆయన అడిగి చూశారు, రెండో ఏడాది మానేశారు. మూడో ఏడాది ఆయనే వచ్చి రక్తం ఇచ్చి, రాత్రి భోజనాల దగ్గర తన రిపోర్టు ఎలా ఉందని అడిగితే, "రేపు పదింటికి కౌంటరు దగ్గరికి రండి" అంది. ఆయన గంటసేపు పర్మిషన్ పెట్టుకుని వచ్చి, లైన్లో నిలబడి తీసుకున్నారు.

ఇంత పట్టుదల ఊరికే రాలేదు. ఇరవై నాలుగేళ్ళ క్రితం, పెళ్ళయిన అయిదో ఏట, పిల్లల కోసం భార్యాభర్తలిద్దరూ విశాఖపట్నంలో పరీక్షలు చేయించుకున్నారు. రిపోర్టు కోసం మళ్ళీ అంత దూరం ఎందుకని, రోజూ అటు వెళ్ళొచ్చే తెలిసినాయన ఒకాయన తానే తెచ్చిపెడతానన్నాడు. కవరు అంటించి లేదు. ఆయన చదువుకున్నవాడు, పైగా ఆ రోజు బస్సు అనకాపల్లిలో చాలాసేపు ఆగిపోయింది. సాయంత్రం వరహాలక్ష్మి కూరలకి వెళితే, కూరలమ్మే ఆవిడ అడక్కుండానే గుప్పెడు కొత్తిమీర సంచిలో వేసి, "బాధపడకమ్మా, పెంచుకోడానికి ఎంతమంది పిల్లల్లేరు" అంది. వరహాలక్ష్మికి అర్థం కాలేదు. ఇంటికొచ్చేసరికి భర్త కవరు ఒళ్ళో పెట్టుకుని, లైటు కూడా వెయ్యకుండా కూర్చుని ఉన్నారు. తనకి పిల్లలు పుట్టరన్న సంగతి ఆవిడకి తెలిసేటప్పటికి బజారుకి తెలిసి గంటన్నర అయింది. ఆ కొత్తిమీర ఆవిడ వండలేదు, పారెయ్యలేదు. నల్లబడి నీరు కారేదాకా గట్టు మీదే ఉంచింది. ఆ తరవాత ఆ విషయం ఎవరితోనూ మాట్లాడలేదు. ఊరు కూడా ఆవిడ ఎదురుగా మాట్లాడలేదు.

ఇక లేబ్ సంగతి. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు పొద్దున్నే పరగడుపున వచ్చి రక్తం ఇస్తారు. రిపోర్టు మధ్యాహ్నం దాటితే గాని తయారవదు. అందాకా బెంచీ మీద కూర్చుంటే పొలం పని ఎవరు చేస్తారు? అందుకని రావికమతం వైపు వాళ్ళందరూ వెళుతూ వెళుతూ శివాజీకి ఒక మాట చెప్పి వెళతారు.

"ఒరే, సాయంత్రం మాది అట్టుకొచ్చీరా."

శివాజీ షేర్ ఆటో చోడవరానికీ రావికమతానికీ మధ్య తిరుగుతుంది. పధ్నాలుగేళ్ళలో ఒక్క రిపోర్టు పారేసుకోలేదు, ఒక్కటి తడవనివ్వలేదు, అందుకోసం ఎవరి దగ్గరా ఒక టీ కూడా తాగలేదు. మనిషి బంగారం. చిక్కల్లా ఆటోతోనే. అందులో పదకొండు మంది ఎక్కుతారు, దారి ముప్పావుగంట, చూడ్డానికి రెండు పక్కలా చెరుకు తప్ప ఏమీ ఉండదు. స్టీరింగు ముందర కవర్లుంటాయి. "ఇది ఎవల్దిరా?" అని ఒకరు తీస్తారు. ఇంటరు దాకా చదివినవాళ్ళెవరో పైకి చదువుతారు. మిగతావాళ్ళు చర్చిస్తారు. ఆటో రావికమతం చేరేసరికి రిపోర్టుతో పాటు వైద్యం కూడా ఖాయమై ఉంటుంది.

వరహాలక్ష్మి కవర్లకి పిన్నులు కొట్టింది. ఊడదీశారు. జిగురు పెట్టి అంటించింది. ఎండకి ఎదురుగా పట్టుకుని చదివారు. లోపల నల్ల కార్బన్ పేపరు పెట్టింది. దాంతో ఆటోలో అందరి మనసూ విరిగింది. "మేడమ్‌గారు మమ్మల్ని దొంగల్లాగ సూస్తన్నారేటి అంటన్నారండీ" అని శివాజీయే వచ్చి చెప్పాడు, బాగా నొచ్చుకుంటూ.

ఇలా ఉండగా ఆవిడ అన్నగారి కొడుకు ఫణిభూషణ్ భోజనానికి వచ్చాడు. విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మజ్జిగపులుసు పోస్తూ మేనల్లుడి దగ్గర తన బాధ వెళ్ళబోసుకుంది. పేర్లు చెప్పలేదు, జబ్బులు చెప్పలేదు, కవర్ల గురించి మాత్రం చెప్పింది. వాడు ఎడంచేత్తో ఫోను తీసి ఒక వెబ్‌సైటు తెరిచాడు. యాప్ ఏదీ దింపుకోనక్కరలేదట. ఫైలు అందులో వేసి పాస్‌వర్డు పెడితే, మన కంప్యూటర్లోనే దానికి తాళం పడి, తాళంతోనే బయల్దేరుతుంది. అవతలివాళ్ళకి ఒక లింకు వెళుతుంది. వాళ్ళు పాస్‌వర్డు కొడితే వాళ్ళ ఫోనులోనే తాళం ఊడుతుంది. ఈ కొసకీ ఆ కొసకీ మధ్యలో ఎక్కడా తెరుచుకోదు. ఒక్కసారి తెరిచాక ఆ లింకు చచ్చిపోతుంది. అసలు తెరవకపోయినా ఇరవై నాలుగు గంటల్లో చచ్చిపోతుంది.

"ఆ వెబ్‌సైటు వాళ్ళు చూస్తారేమోరా?" అంది వరహాలక్ష్మి.

"చూడలేరత్తా. వాళ్ళ దగ్గర తాళంచెవి ఉండదు."

"వాళ్ళ ఓనరో?"

"ఆయనా చూడలేడు."

"మరి నువ్వు?"

"నేనూ చూడలేను."

వరహాలక్ష్మి వాడికి ఇంకో రెండు గరిటెలు పులుసు పోసింది. అన్నం మునిగిపోయింది.

"ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో," అన్నాడు ఫణిభూషణ్. "లింకూ పాస్‌వర్డూ ఒకే దారిలో పంపకూడదు. లింకు ఫోనుకి పంపితే పాస్‌వర్డు వేరే దారిన వెళ్ళాలి. రెండూ ఒకడి చేతిలో పడితే ఇంక తాళం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

ఆవిడ ఆ మాట కేలెండరు వెనకాల రాసుకుంది. లేబ్ నుంచి రావికమతానికి ఉన్న దారులు రెండే. ఒకటి ఫోను. రెండోది శివాజీ ఆటో.

లేబ్ ఓనరు గణపతిరావుగారు కొత్త పద్ధతి అంతా విని, బోర్డు మీద రాయించుకోడానికి బాగుంటుందని ఒప్పుకున్నారు. "ఇచ్చట రిపోర్టులు తాళము వేసి పంపబడును" అని వారం తిరక్కుండా రాయించారు. ఎవరో ఒకాయన తన ఇంటి తాళం పట్టుకొచ్చి, దీనికి మారుచెవి చేస్తారా అని అడిగి వెళ్ళాడు.

పని ఇలా సాగేది. రక్తం తీసే రోజా, పేషెంటు పేరూ ఊరూ వాట్సాప్ నెంబరూ అడిగి ఫారం నింపుతుంది. సాయంత్రం వరహాలక్ష్మి రిపోర్టు తాళం వేసి, ఒక బటన్ నొక్కితే లింకు ఆ నెంబరుకి వెళ్ళిపోతుంది. పాస్‌వర్డు మాత్రం చిన్న చీటీ మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, శివాజీకి ఇస్తుంది. పాస్‌వర్డుల కోసం పెద్దగా బుర్ర పాడుచేసుకోలేదు. ఆ రోజు ఇంట్లో ఏ కూరో అది ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన రెండంకెలు వేసేది. దొండకాయ నలభై ఏడు. ఆనపకాయ పదహారు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆటోలో రిపోర్టులు చదువుతున్నారన్న మాట ఒక్కసారి కూడా ఆవిడ చెవిన పడలేదు. శివాజీ రోజూ వచ్చి చీటీలు తీసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళేవాడు. వరహాలక్ష్మి సంతోషపడింది. ఇంత వయసొచ్చాక ఊరికి పనికొచ్చే పని ఒకటి చేశానని, అంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ మాట పైకి ఎవరితోనూ అనలేదు గాని, ఇంట్లో కూరలు మాత్రం మునుపటికంటే రకరకాలుగా వండడం మొదలుపెట్టింది.

చెరుకు క్రషింగు జోరుగా సాగుతున్న రోజుల్లో దేముడమ్మ వచ్చింది. రావికమతం అవతల పల్లె. చెరుకు నరికే ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి. రొమ్ములో గడ్డ తగిలిందని వస్తే, లేబ్‌లోనే కూర్చునే డాక్టరుగారు సూదితో ముక్క తీసి విశాఖపట్నం పంపించారు. జవాబు పదిరోజుల్లో వస్తుందన్నారు. అందరూ వెళ్ళిపోయాక దేముడమ్మ టైపు బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మా, నాకో మాటివ్వాల."

"ఏమిటి?"

"నాలుగేళ్ళ కింద మా అక్క అచ్చియ్యమ్మకి కడుపులో కంతి లేసింది. రిపోర్టొచ్చింది. ఊరందరికీ తెలిసిపోయింది. దానికి మాత్రం గేసని సెప్పేరు. నాను కూడా గేసనే సెప్పేను. ఇంటికొచ్చినోళ్ళు దాన్ని సూసి కొంగు నోట్లో కుక్కుకునేవోళ్ళు. 'గేసుకి ఇంతమందెందుకొస్తన్నారే' అని నన్నడిగేది. సచ్చిపోయినదాకా దానికి తెల్దమ్మా." దేముడమ్మ బల్ల మీద చెయ్యి పెట్టింది. "నాకలాగొద్దు. నాదేటో ముందు నాకు తెలవాల. నా తరవాతే ఎవలికైనా."

వరహాలక్ష్మికి ముక్కులో కొత్తిమీర వాసన తగిలింది. కీబోర్డు మీంచి చేతులు తీసి దేముడమ్మ చెయ్యి పట్టుకుంది.

"డాక్టరుగారికి తెలుస్తుంది. టైపు చెయ్యాలి కాబట్టి నాకు తెలుస్తుంది. ఆ తరవాత నువ్వే. మధ్యలో ఇంకెవరి కంటా పడదు. మాటిస్తున్నాను."

"మీరు లెక్కలోకి రారమ్మా," అంది దేముడమ్మ. "మీకు తెలిసినా తెలవనట్టే."

పందొమ్మిదేళ్ళలో ఆవిడకి దక్కిన మెప్పు అదొక్కటే. దేముడమ్మ రోజా దగ్గరికి వెళ్ళి ఫారంలో వాట్సాప్ నెంబరు గడగడా ఒప్పజెప్పింది. ఆవిడ మెడలో తాడుకి బటన్ ఫోను వేలాడుతూనే ఉంది. ఎవరు ఏ నెంబరు చెప్పినా తలెత్తకుండా రాసుకునే రోజా అదీ రాసుకుంది.

పదకొండో రోజు ఉదయం విశాఖపట్నం నుంచి జవాబు వచ్చింది. వరహాలక్ష్మి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివింది. కేన్సరే. కాగితం పట్టుకుని డాక్టరుగారి గదిలోకి వెళ్ళింది. ఆయన చూసి, గడ్డ చిన్నగా ఉండగానే పట్టుకున్నాం, ఆలస్యం చెయ్యకుండా ఆపరేషన్‌కి వెళితే నయమయ్యే అవకాశం బాగా ఉంది, రేపు రమ్మనండి, పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిస్తాను అన్నారు. ఆ మాటలన్నీ ఒక్క ముక్క పోకుండా రాసుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. రిపోర్టుకి తాళం వేసింది. పాస్‌వర్డుగా ఆ రోజు కూర పేరు పెట్టబోయి, చెయ్యి రాక, చాలాసేపు ఆలోచించి అచ్చియ్యమ్మ పేరు కొట్టింది.

బటన్ నొక్కే ముందు ఒకసారి తలెత్తి అద్దంలోంచి రోడ్డు వైపు చూసింది. శివాజీ ఆటో లేబ్‌కి వీపు పెట్టి ఆగి ఉంది. దాని వెనక పసుపు రంగులో ఫోను నెంబరు రాసి ఉంది, చివర నాలుగు ఏడులు. ఆవిడ కంప్యూటరు వైపు చూసింది. దేముడమ్మ వాట్సాప్ నెంబరు చివర నాలుగు ఏడులు. మళ్ళీ ఆటో వైపు చూసింది. మొదటి అంకె దగ్గర్నుంచి వేలు పెట్టి సరిచూసుకుంది.

తరవాత ఎనిమిది నెలల జాబితా తెరిచింది. రావికమతం వైపు పేషెంట్లు నూట అరవై మూడు మంది. వాళ్ళలో నూట యాభై ఒక్కరికి ఒకటే ఫోను నెంబరు.

శివాజీని లోపలికి పిలిచింది. అతను చీటీల కోసం అనుకుని చెయ్యి చాపాడు.

"శివాజీ, వీళ్ళందరి లింకులూ నీ ఫోనుకే వస్తున్నాయా?"

"నాకే వస్తన్నాయి మేడమ్. ఆళ్ళకి పెద్ద ఫోన్లు లేవు కదా. నా నెంబరిచ్చీమని నానే సెప్పేను."

"పాస్‌వర్డు చీటీలు కూడా నీ చేతికే ఇస్తున్నాను."

"మీరే కదేటి ఇస్తన్నారు."

"మరి ఎవరు తెరుస్తున్నారు?"

"నానే. ఆళ్ళకి సదవడం రాదు. 'శివాజీ, ఇప్పి సదవరా' అంటారు. టెన్తు పాసయ్యేను కదా, సదువుతాను." అతనికి ఇందులో దాచాల్సింది ఏమీ కనపడలేదు. "మీ చీటీలు బాగుంటాయి మేడమ్. మొదట్లో నాలుగ్రోజులు వరసగా దొండకాయే రాసేరు. సార్‌కి ఇసుగు రాలేదేటి?"

వరహాలక్ష్మికి తలకొట్టేసినట్టయింది. నెమ్మదిగా అడిగింది. "ఎక్కడ చదువుతావు?"

"ఆటోలోనే. మరెక్కడ సదవను?"

"అందరూ వింటుండగానా?"

"ఆటోలో సెవులు మూసుకోమంటే ఎవలు మూసుకుంటారు మేడమ్?" అని, ఆవిడ మొహం చూసి ధైర్యం చెప్పబోయాడు. "మీరేటీ బెంగెట్టుకోకండి. ఒక్కటీ పోలేదు. ఆ లింకు ఒకసారి ఇప్పితే మళ్ళీ ఇప్పడం లేదు కదా, అందుకని ప్రతీదీ ఫొటో తీసి గ్రూపులో ఎట్టేస్తన్నాను. ఎవలికి కావాలంటే ఆళ్ళు సూసుకుంటారు."

"ఏ గ్రూపు?"

శివాజీ ఫోను చూపించాడు. గ్రూపు పేరు 'శివాజీ ఆటో రిపోర్టులు'. సభ్యులు రెండువందల పదకొండు మంది. ఆ రోజు పొద్దున్నే ఒకాయన హిమోగ్లోబిన్ కింద పదిహేను మంది దణ్ణాలు పెట్టి ఉన్నారు.

"మిమ్మల్ని కూడా ఏడ్ సేద్దామనుకున్నాను," అన్నాడు శివాజీ. "మీకు ముందే తెలిసినవి కదా అని ఊరుకున్నాను."

ఆవిడకి ఒళ్ళు మండింది. అతన్ని కడిగెయ్యాలనుకుంది. కానీ ఏమని తిట్టాలి? లింకు పంపింది తను. చీటీ అతని చేతిలో పెట్టింది తను. ఆ వెబ్‌సైటు ఓనరుకి కూడా కనపడకుండా, చోడవరం నుంచి రావికమతం దాకా భద్రంగా తీసుకెళ్ళి రెండువందల పదకొండు మంది ముందు పెట్టింది తనే. ఎనిమిది నెలలుగా ఆటోలో కవర్లు చదవడం లేదంటే, చదవాల్సిన అవసరం లేక. ఏడుపు వచ్చింది. మింగేసింది.

"దేముడమ్మదొచ్చిందేటి మేడమ్?" అన్నాడు శివాజీ. "రోజూ అడుగుతంది. ఊరంతా అడుగుతన్నారు."

వరహాలక్ష్మి మొహంలో ఏ మార్పూ లేదు. ఆ ఒక్క విద్యలో ఆవిడకి పందొమ్మిదేళ్ళ అనుభవం ఉంది. శివాజీ ఎంత చూసినా అక్కడ ఏమీ రాసి లేదు. ఆవిడ కంప్యూటర్లో పంపబోయేదాన్ని తీసేసింది. రిపోర్టు ఒకే ఒక్క కాపీ ప్రింటు తీసి, నాలుగు మడతలు పెట్టి, హేండ్‌బేగు లోపలి జిప్పులో పెట్టింది. గణపతిరావుగారికి మధ్యాహ్నం సెలవని చెప్పింది. పందొమ్మిదేళ్ళలో ఆవిడ పూట సెలవు అడగడం చూడలేదు కాబట్టి, ఆయన ఎవరు పోయారని అడిగారు.

ఆవిడ వెళ్ళి ఆటోలో కూర్చుంది.

లేబ్ మేడమ్ ఆటో ఎక్కడం అదే మొదలు. పదకొండు మందీ సర్దుకుని ఆవిడకి చోటిచ్చారు. తరవాత అందరూ ఆవిడ బేగు వైపు చూశారు.

"ఎవలింటికమ్మా?" అంది ఒకామె.

"ఊరికే. చెరుకు చూద్దామని."

మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి చెరుకు చూడ్డానికి వచ్చే మనిషిని ఎవరూ నమ్మలేదు. నలుగురు నాలుగు పేర్లు ఆవిడ మీదికి వదిలి చూశారు. ఏ పేరుకీ ఆవిడ కనురెప్ప కదల్లేదు. మూడో పేరు దేముడమ్మదే. బేగుని రెండు చేతులతో ఒళ్ళో అదిమి పట్టుకుని కూర్చుంది. శివాజీ దారంతా రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. గ్రూపు సంగతి చెప్పినప్పుడు ఆవిడ కళ్ళల్లో తిరిగిన నీళ్ళు అతను చూశాడు. ఎందుకో పూర్తిగా అర్థం కాలేదు గాని, ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసింది.

దేముడమ్మ ముఠా పల్లెకి ఇవతలే నరుకుతోంది. వరహాలక్ష్మి రోడ్డు మీద దిగి గట్టు వెంట నడిచింది. చెప్పులకి మట్టి అంటుకుంది, చీర అంచుకి చెరుకాకు గీసుకుంది. దూరం నుంచే చూసి దేముడమ్మ కత్తి పక్కనపెట్టి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరూ నరికేసిన చేను చివర గట్టు మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు పన్నెండు మందీ నరకడం ఆపి నిలబడ్డారు. అంత దూరానికి ఏమీ వినపడదు.

"ఎవలికైనా తెలుసా అమ్మా?" అంది దేముడమ్మ.

"ఎవరికీ తెలీదు."

"సెప్పండి మరి."

వరహాలక్ష్మి కాగితం తీసింది. ఇన్ని వేల రిపోర్టులు టైపు చేసింది గాని, ఒక్కటి కూడా మనిషికి చదివి వినిపించలేదు. ఇంగ్లీషు లైను చదువుతూ, దాన్ని తెలుగులో చెపుతూ, చివరికి ఆ మాట దగ్గరికి వచ్చి, దాన్ని చుట్టూ తిప్పకుండా చెప్పింది. డాక్టరుగారు చెప్పినవన్నీ వరసగా చెప్పింది. చిన్నగా ఉండగానే దొరికిందని చెప్పింది. రేపు రమ్మన్నారని చెప్పింది.

రోడ్డు మీద ఒక చెరుకు ట్రాక్టరు వెళుతుంటే, దాని చప్పుడు పూర్తిగా పోయేదాకా దేముడమ్మ అటే చూసింది. తరవాత కాగితం అడిగి తీసుకుని, చదవలేకపోయినా పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇందులో నా పేరెక్కడుంది?"

వరహాలక్ష్మి వేలు పెట్టి చూపించింది. దేముడమ్మ ఆ చోట బొటనవేలితో ఒకసారి తడిమి, కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. లేచి, చీర దులుపుకుని, తిన్నగా ముఠా దగ్గరికి నడిచింది. వరహాలక్ష్మికి ఏం చెయ్యాలో తెలీక వెనకాలే వెళ్ళింది.

"ఒసే, అందరూ ఇటు రండి," అంది దేముడమ్మ. "నాకు కేన్సరంట. రొమ్ములో. మొదట్లోనే ఉంది, కోసేస్తే తగ్గుతాదంట. రేపు సోడవరం ఎల్తాను, అక్కణ్ణించి ఇశాపట్నం. నానొచ్చినదాకా చిన్నారి మేస్త్రి. ఈ చేను ఎల్లుండికి అయిపోవాల. ఏడ్సేవోళ్ళుంటే ఇప్పుడే ఏడ్సీండి. రేపు నాకు ఖాళీ ఉండదు."

ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. దేముడమ్మ నిలబడి, వాళ్ళది అయ్యేదాకా ఆగింది. చిన్నారి అనే ఆమె తనకి మేస్త్రి పని చేతకాదని ఏడ్చింది. "సేతనవుతాది, ఊరుకో" అని దేముడమ్మ కత్తి తీసుకుని మళ్ళీ వరసలో నిలబడింది.

వరహాలక్ష్మి ముక్కున వేలేసుకుంది. దగ్గరికి వెళ్ళి మెల్లగా అంది. "ఇంత గుట్టుగా తెచ్చానే. నువ్వే అందరికీ చెప్పేశావేమిటి?"

"దాసమని నానెప్పుడన్నానమ్మా?" అంది దేముడమ్మ, నిజంగానే ఆశ్చర్యపోతూ. "నాకు ముందు తెలవాలన్నాను. నాది కదా. నాది నాను సెప్పుకోవాల. మా అక్క సెప్పుకోలేదు పాపం."

కత్తి చెరుకు మొదట్లో పడింది. వరహాలక్ష్మి కాసేపు అక్కడే నిలబడి, రోడ్డు మీదికి వచ్చింది.

తిరుగు ఆటో మూడింటికి వచ్చింది. శివాజీయే. లోపల ఆరుగురున్నారు, చింతపండు బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలమ్మ ఎదురు సీట్లో ఉంది. సంగతి అప్పటికే ఆటోలో ఉంది. ఒకామె దేముడమ్మకి ముదిరిపోయిందంట అని మొదలెట్టబోయింది. "కాదు, మొదట్లోనే అని అదే సెప్పింది" అంది ముసలమ్మ. ఒకతను ఇంక నరకడం మానేసినట్టే అన్నాడు. "తగ్గేక వస్తానంది. చిన్నారిని ఎట్టింది" అంది ముసలమ్మ. దాని మీద ఎవరూ ఏమీ కలపలేకపోయారు. చర్చ అక్కడితో ఆగిపోయింది.

"మేడమ్," అన్నాడు శివాజీ, వెనక్కి తిరక్కుండా. "గ్రూపు తీసీమంటారేటి?"

"తీసెయ్యి. రేపట్నుంచి ఎవరి పాస్‌వర్డు వాళ్ళకే చెపుతాను. చదవడం రానివాళ్ళని నా దగ్గరికి తీసుకురా. నేను చదువుతాను, తలుపేసి."

"అలగేనండి." కొంతదూరం పోయాక మళ్ళీ అన్నాడు. "నాకు తెల్దు మేడమ్. మంచిదనే సేసేను."

"నాకు తెలుసు," అంది వరహాలక్ష్మి.

ఆటో మలుపు తిరిగింది. రెండు పక్కలా నరకని చెరుకు. వరహాలక్ష్మి ఒళ్ళో బేగు ఖాళీగా ఉంది. ఆవిడ దాన్ని పక్కన పెట్టింది.

"నాకు పిల్లలు పుట్టరని రిపోర్టు వచ్చింది," అంది.

శివాజీ అద్దంలోంచి చూశాడు.

"ఇరవై నాలుగేళ్ళయింది."

ముసలమ్మ మొహమాటపడింది. బుట్టలో చింతపండు సర్దింది. "తెలుసమ్మా," అంది చివరికి. "అందరికీ తెలుసు."

"తెలుసని నాకూ తెలుసు. నేనెప్పుడూ చెప్పలేదు కదా. ఇప్పుడు చెప్తున్నాను."

ముసలమ్మ ఆవిడ వైపు చూసింది. బుట్ట ఒళ్ళోంచి దించి కాళ్ళ దగ్గర పెట్టుకుని, మోకాళ్ళు ఇటు తిప్పి కూర్చుంది.

"సెప్పమ్మా," అంది.

చోడవరం ఇంకా అరగంట దూరం ఉంది. వరహాలక్ష్మి కొత్తిమీర దగ్గర మొదలుపెట్టింది.